ఆవగింజ ఆగిన గూడు

గోదావరి కొండల మధ్య ఇరుకుదారి దాటి, హమ్మయ్య అనుకుని ఒళ్ళు విరుచుకున్నట్టు వెడల్పయ్యే చోట ఒక లంక ఉంది. లంకని ఆనుకుని నల్లబండ, నల్లబండ కింద మడుగు. ఎండాకాలంలో నది సగానికి సగం ఇసకైపోయినా ఆ మడుగు ఎండదు. దాని అడుగున బురదలో నత్తలు, ఆల్చిప్పలు, పీతలు, ఎర్రలు, ఇంకా రెక్కలు రాని తూనీగ పిల్లలు కాపురముంటాయి. వాళ్ళు పైకి రారు, వచ్చి మా ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం అని చెప్పరు. కాబట్టి కిందికి దిగి చూసి రావాల్సినవాళ్ళు ఒకరుండాలి. ఆ పని తాబేలు డిప్పమ్మది.

డిప్పమ్మకి చదువు రాదు. పదిదాకా లెక్క వచ్చు. పదిమంది అయితే నల్లబండ మీద గోటితో ఒక గీత గీస్తుంది. ఏడాదికి ఒక వరస. అలా ముప్ఫై వరసలున్నాయి బండ మీద. వాటిని కళ్ళతో చూడక్కర్లేదు ఆవిడకి, కాలితో తడిమితే చాలు, ఏ ఏడు ఎంతో చెప్తుంది.

ఏటా కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు లెక్క. వరదనీరు తీసేసి ఉంటుంది, చలి ఇంకా ముదరదు. అదే చోట, అదే కుండపెంకుతో, ఏడు పెంకుల బురద తీస్తుంది. ఆరు కాదు, ఎనిమిది కాదు. ఆ బురదని గిజిగాడు కొత్తగా అల్లిన గూట్లో పోసి నీళ్ళలో ఆడిస్తుంది. బురద పోతుంది, ప్రాణులు మిగులుతాయి. వాటిని బండ మీద నీళ్ళున్న గుంటలో వదిలి, ఒక్కొక్కదాన్నీ ముక్కుతో జరుపుతూ లెక్కపెడుతుంది. రెండు రోజులు గుంటలో ఉంచి, మూడో రోజు అందరి ముందూ మడుగులోకి తిరిగి పంపిస్తుంది.

గూటికి ఒక పరీక్ష ఉంది. వడ్లగింజ వేస్తే కిందికి జారిపోవాలి. కందిగింజ వేస్తే ఆగాలి. అలా ఉంటేనే గూడు పనికొస్తుంది. "వడ్లగింజ కన్నా చిన్నవాళ్ళు లక్షల్లో పుడతారు, లక్షల్లో పోతారు. వాళ్ళని లెక్కపెడితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. కందిగింజంత అయినవాడే కాపురం పెట్టినట్టు" అనేది డిప్పమ్మ.

గీతలు పది నిండితే మడుగు తెరుస్తారు, తినేవాళ్ళు తినొచ్చు. పదికి తగ్గితే ఏడాదిపాటు మూత. ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. లెక్కాపత్రం లేని రోజుల్లో ఒక వేసవిలో అందరూ కలిసి మడుగు అడుగంతా ఊడ్చి తినేశారు. రెండేళ్ళు నీళ్ళు కంపు కొట్టాయి. చేపలు పోయాయి, చేపల వెంట నీటికుక్కలు పోయాయి, కొంగలు పోయాయి. పాపం ఎక్కడికీ పోలేనిది డిప్పమ్మ ఒక్కతే. ఆ కంపు ఇప్పటికీ ఆవిడ ముక్కులో ఉంది.

బండ మీద ఓ మూల, వరసలకి దూరంగా, ఒక ఏటవాలు గీత కూడా ఉంది. అది ప్రాణుల లెక్క కాదు. తొమ్మిదేళ్ళ కిందట నక్క గవర్రాజు ఆవిణ్ణి ఇసకలో వెల్లకిలా తిప్పి, "వీపు ఇంత గట్టిగా ఉంది కదా, పొట్ట ఎలా ఉంటుందో చూద్దామనీ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నీటికుక్క బుల్లెమ్మ అటుగా వచ్చి తిప్పేదాకా, ఎండలో నాలుగు కాళ్ళూ ఆడిస్తూ ఉండిపోయింది. తర్వాత గవర్రాజు, "తమాషాకి అత్తయ్యా" అన్నాడు. డిప్పమ్మ బండ దగ్గరికెళ్ళి ఆ గీత గీసుకుంది.

అలాంటి గవర్రాజు ఈ ఏడు లెక్క రోజున, పొద్దున్నే, నోట గూడు కరుచుకుని వచ్చాడు. వెనకాల ఆవలి ఒడ్డు నుంచి వచ్చిన అతని వియ్యంకుడు, వియ్యపురాలు. కొత్త చుట్టరికం. తోకలు దువ్వుకుని, ఎవరి మీదా కాలు పడకుండా నడుస్తున్నారు.

"అత్తయ్యా, గిజిగాడు చినబాబు గూడు అల్లేశాడు. ఆ తుమ్మచెట్టు దాకా మీరు నడిచి మళ్ళీ ఎప్పటికి రావాలి? నేనే తెచ్చేశాను."

"నాకు సాయం చేస్తున్నావా?" అంది డిప్పమ్మ.

"చేయకూడదా?"

"చేయొచ్చు. ఎప్పుడూ చేయలేదు."

మడుగు ఒడ్డున దున్నపోతు అప్పన్న అప్పటికే కూర్చుని నెమరేస్తున్నాడు. ఆయన మడుగులోది ఏదీ తినడు, అందుకే ఆయన్ని పెద్దగా కూర్చోబెట్టారు. పక్కన బుల్లెమ్మ, ఆవిడ పక్కన నత్తలు తినే కొంగ వెంకాయమ్మ, ఒంటికాలి మీద.

డిప్పమ్మ కుండపెంకు తీసుకుంది. "బుల్లెమ్మా, ఆ వడ్లగింజ, కందిగింజ ఇలా అందుకో."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "అప్పన్న పెద్దయ్యా, అడిగానని ఏమీ అనుకోకండి. ముప్ఫై ఏళ్ళు పట్టిన చేతికి ఇంకా గింజల పరీక్ష కావాలంటారా? కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సరే. అత్తయ్య ఊరికే పట్టుకుంటే తెలీదూ?"

"పద్ధతి పద్ధతే" అన్నాడు అప్పన్న.

"కాదన్నానా? మా వియ్యంకులవారికి ముందే చెప్పానండీ, మా పెద్దావిడ చెయ్యి వేసిందంటే కొలత అయిపోయినట్టేనని. ఇప్పుడు ఆవిడ గింజలు వేసి చూసుకుంటే, ఏంటిరా ఈవిడకి ఇంకా నమ్మకం కుదరలేదా అనుకోరూ?"

"మేం అలా ఎందుకు అనుకుంటాం" అంది వియ్యపురాలు, సరిగ్గా అలా అనుకుంటున్నట్టే.

డిప్పమ్మ మెడ కాస్త బయటికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఆవిడ చేతి గురించి అంత మాట అనలేదు. అన్నవాడు గవర్రాజు కావడం ఒక్కటే ఇబ్బంది. కానీ విన్నవాళ్ళు పొరుగు ఒడ్డువాళ్ళు. ఆవిడ గూడుని అటూ ఇటూ తిప్పి, ముందుకాలితో నొక్కి చూసింది. తడిసిన గడ్డి. చూపు ఇదివరకటిలా లేదన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"బాగానే ఉంది" అంది. "గింజలు ఉండనీ బుల్లెమ్మా."

ఏడు పెంకుల బురద. ఆడించింది. గుంటలో పోసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది అయ్యింది, గీత. మళ్ళీ పది, గీత. పద్నాలుగో గీత దగ్గర వెంకాయమ్మ రెండో కాలు కూడా దించింది, ఎందుకంటే కిందటేడు అక్కడే ఆగిపోయింది లెక్క. ఈసారి ఆగలేదు. ఇరవై. ఇరవై అయిదు. మధ్యాహ్నం తిరిగేసరికి ముప్ఫై ఒక్క గీత అయ్యింది.

"ముప్ఫై ఒకటి" అన్నాడు అప్పన్న, నెమరు మింగేసి. "నా ఎరికలో లేదు ఇంత."

"మడుగు తెరిచినట్టే కదండీ?" అన్నాడు గవర్రాజు. "వియ్యంకులుగారూ, ఉండిపోండి. ఎల్లుండి పీతల విందు. నేను చెప్పలేదూ, మా మడుగులో పీతలు చెయ్యి చాపితే వస్తాయని?"

అందరూ సంతోషంగా వెళ్ళారు. డిప్పమ్మకీ సంతోషమే. మూడేళ్ళుగా వరస పొట్టిదవుతుంటే లోపల ఎంత దిగులు పడిందో ఆవిడకే తెలుసు. ఇరవై రెండు, ఇరవై, పదిహేడు, పద్నాలుగు. ఎందుకు తగ్గుతున్నారో తెలీదు. ఇసక జరిగిందో, ఎగువన నీళ్ళు మారాయో. తెలీదు కాబట్టే కదా లెక్క.

మర్నాడు పొద్దున్న బండ మీద ఎండ కాగుతూ అలవాటుగా వరసలు తడిమింది. ఇరవై రెండు. ఇరవై. పదిహేడు. పద్నాలుగు. ఆ తర్వాత కాలు జరుగుతూ పోతోంది, పోతోంది, వరస అయిపోదు.

కాలు అక్కడే ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్ళలో ఈ నది ఎప్పుడూ ఇలా చేయలేదు. తగ్గితే మెట్టు మెట్టుగా తగ్గింది, పెరిగితే మెట్టు మెట్టుగా పెరిగింది. ఒక్క ఏడాదిలో రెండింతలు దాటి గెంతడం దీని నడక కాదు.

గుంటలోకి తొంగి చూసింది. పీతలు నాలుగు. కిందటేడు తొమ్మిది. ఆల్చిప్పలు ఆరు. కిందటేడు పదకొండు. మరి ముప్ఫై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చాయి? మిగిలినవాళ్ళలో ఎక్కువమంది నూకల్లాంటి పిల్లలు. అడుగున దుమ్ములా కదులుతున్నారు.

డిప్పమ్మ గూడు తెచ్చి, నిన్న పక్కన పెట్టించిన వడ్లగింజ అందులో వేసింది. ఆగింది. కదిపింది. ఆగింది. బండ దిగి, ఒడ్డున ఎండిన ఆవమొక్క ఒకటుంటే దాని కాయ చిదిపి ఆవగింజ తెచ్చి వేసింది.

ఆవగింజ కూడా ఆగింది.

తుమ్మచెట్టు దాకా నడవడానికి పూటంతా పట్టింది. గిజిగాడు చినబాబు చెట్టు మీద ముక్కు కొమ్మకి రుద్దుకుంటున్నాడు.

"రండి పిన్నీ. కోపం వచ్చిందా ఏంటి, చిక్కగా కుదరలేదా? నా శక్తికొద్దీ అల్లాను."

"చిక్కగా అల్లమని ఎవరు చెప్పారు నీకు?"

"మీరే కదా. మీరు చెప్పారని గవర్రాజు బావ వచ్చి చెప్పాడు. ఈసారి ఆవగింజ కూడా జారకూడదు, పిన్ని గట్టిగా చెప్పింది అన్నాడు. నా ముక్కు చూడండి, ఎలా అరిగిపోయిందో."

"నేను చెప్పలేదు నాయనా."

చినబాబు ముక్కు రుద్దడం ఆపేశాడు. "అయితే నేను అంతకుముందే పాత కొలతకి అల్లేసిన గూడు ఉంది. ఏటా అల్లే అలవాటు కదా. అది వద్దన్నాడు బావ."

"అది ఇలా పడెయ్యి. గింజలున్నాయా నీ దగ్గర?"

వడ్లగింజ జారింది. కందిగింజ ఆగింది. రెండుసార్లు వేసి చూసుకుంది. చినబాబు చూస్తున్నాడని సిగ్గుపడలేదు.

దారంతా గవర్రాజుని తిట్టుకుంటూ వచ్చింది. లంక దగ్గరపడ్డాక తిట్లు అయిపోయి, అసలు సంగతి మిగిలింది. వాడు గూడు మార్చాడు నిజమే. గింజ వేసి ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాడు. గింజ వెయ్యనిది ఎవరు? ఇప్పుడు అప్పన్న దగ్గరికెళ్ళి వాడే మోసం చేశాడు అంటే, వాడు ఊరుకుంటాడా? నాకేం తెలుసండీ, గిజిగాడు ఎలా అల్లాడో, పట్టుకుని బాగుందన్నది అత్తయ్యే కదా అంటాడు. ఆ మాట నిజం కూడానూ. అనుకుంటేనే మెడ డిప్పలోకి పోయింది.

చాలాసేపటికి బయటికి వచ్చింది. "నా తప్పు నేను చెప్పుకుంటాను" అని తనలో తాను అనుకుంది. "వాడిది మాత్రం వాడి నోటితోనే చెప్పించాలి."

మూడో రోజు అందరూ చేరారు. గవర్రాజు వియ్యంకుల కోసం ఒడ్డున మోదుగాకులు పరిచాడు. వియ్యపురాలు ఆకు కూడా దులిపి కూర్చుంది.

"అప్పన్నా" అంది డిప్పమ్మ, "తెరిచే ముందు ఒక మాట. పంపకం పాత పద్ధతిలో చేద్దాం."

"ఏ పద్ధతి?"

"మరిచిపోయావా? మొదటి పదేళ్ళూ అలాగే చేశాం. తలకి రోజుకి ఇరవై ప్రాణులు. బురద తీసి, లెక్కపెట్టిన గూట్లోనే ఆడించి, ఏది వస్తే అది. ఏరుకోకూడదు. ఏరుకుంటే పెద్దవన్నీ ఒకళ్ళకే పోతున్నాయని నువ్వే పెట్టావు. తర్వాత దండిగా ఉన్నాయి కదా అని వదిలేశాం."

అప్పన్న కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "అవును. వదిలేశాం గానీ తీసెయ్యలేదు."

"ఇప్పుడెందుకు అత్తయ్యా అంత కష్టం" అన్నాడు గవర్రాజు. "ముప్ఫై ఒక్క గీతలు. ఎవరికి కావాల్సింది వాళ్ళు పట్టుకుంటారు."

"దండిగా ఉన్నప్పుడు పద్ధతిగా పంచుకుంటే నష్టమేంటి? అయినా మొదటి వంతు నీకే ఇప్పిస్తున్నాను. గూడు మోసుకొచ్చినవాడివి, ఇంట్లో చుట్టాలున్నారు. మీ ముగ్గురికీ అరవై. ఏం బుల్లెమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం లేదు అక్కా. చుట్టాల ముందు నేను ఎగబడతానా" అంది బుల్లెమ్మ.

చుట్టాలు వింటున్నారు. గవర్రాజు కాదనలేకపోయాడు.

డిప్పమ్మ మునిగి, పిల్లలు ఎక్కువుండే పైపొర బురద పెంకుతో తీసింది. కొత్త గూట్లో ఆడించింది. లెక్క తప్పకుండా, ఒక్కొక్కటీ ముక్కుతో జరుపుతూ వియ్యపురాలి ఆకు మీద పెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఇరవై అయ్యేసరికి ఆకు మీద బొట్టంత తడి కనిపించింది. ఆ తడిలో ఏదో కదిలింది.

వియ్యపురాలు ముందుకి వంగింది. "ఇవేంటండీ?"

"మీ ఇరవై, అమ్మా. తినండి, మొహమాటపడకండి."

"మా వైపు పీతలకి కాళ్ళుంటాయి" అంది వియ్యపురాలు మెల్లిగా, పక్కనున్న బుల్లెమ్మతో.

"మా వైపూ ఉంటాయండీ. కాస్త ఎదిగాక" అంది బుల్లెమ్మ.

వియ్యంకుడి ఆకు మీదా అంతే. ఒక నువ్వుగింజంత నత్త వచ్చిందని దాన్ని అందరికీ చూపించి మరీ పెట్టింది డిప్పమ్మ. తర్వాత గవర్రాజు వంతు. అతను ఆకు వైపు చూస్తున్నాడు. వియ్యంకుడు అతని వైపు చూస్తున్నాడు.

"పదిహేడు. పద్దెనిమిది" అంటోంది డిప్పమ్మ.

"చాలు అత్తయ్యా. ఇవి లెక్కేంటి?"

"లెక్క కాకపోవడమేంటి? మొన్న వీళ్ళందరినీ లెక్కపెట్టే కదా ముప్ఫై ఒక్క గీతలు గీశాను. పంతొమ్మిది."

"ఇవీ ప్రాణులేనా? పాత గూట్లో అయితే ఒక్కటీ ఆగేది కాదు. అన్నీ కిందికి జారిపోయేవి."

అప్పన్న దవడలు ఆగిపోయాయి. వెంకాయమ్మ మెడ తిప్పింది.

"ఏమన్నావు గవర్రాజూ?" అన్నాడు అప్పన్న.

"ఏమీ అనలేదండీ."

"పాత గూట్లోంచి జారిపోయేవి అన్నావు. ఈ గూడు కూడా పాత కొలతదే కదా. కొలత వేరని మాకెవరికీ తెలీదే. నీకెలా తెలిసింది?"

గవర్రాజు నోరు తెరిచాడు. ఎప్పుడూ ఏదో ఒకటి దొరికే నోరు అది. ఈలోగా తుమ్మచెట్టు నుంచి వచ్చి కొమ్మ మీద వాలి ఉన్న చినబాబు, "ఆవగింజ కూడా జారకూడదన్నావు కదా బావా" అన్నాడు, అదేదో సాయం చేస్తున్నట్టు.

డిప్పమ్మ పాత కొలత గూడు బయటికి తీసింది. వడ్లగింజ వేసింది, జారింది. కందిగింజ వేసింది, ఆగింది. గుంటలో ఉన్న మొన్నటి ప్రాణులన్నిటినీ అందులో పోసి నీళ్ళలో ఆడించింది. నూకలన్నీ జారి మడుగులోకి వెళ్ళిపోయాయి, ఇంటికి వెళ్ళినంత హాయిగా. మిగిలినవాళ్ళని లెక్కపెట్టింది. తొమ్మిది గీతలు. పైన ఆరుగురు.

"పదికి తగ్గింది" అన్నాడు అప్పన్న. "మడుగు మూత."

"ఇంకో మాట ఉంది" అంది డిప్పమ్మ. మెడ లోపలికి పోతానంటుంటే బలవంతాన బయటే ఉంచింది. "గూడు మార్చింది వాడు. గింజ వెయ్యనిది నేను. నాలుగు మెచ్చుకోలు మాటలకి ముప్ఫై ఏళ్ళ పద్ధతి పక్కన పెట్టాను. ఇది బయటపడకపోతే, ఈ వేసవికి మడుగు ఊడ్చుకుపోయేది. నాకు శిక్ష ఏం వేస్తావో వెయ్యి."

అప్పన్న బండ వైపు కొమ్ము చూపాడు. "ఆ ముప్ఫై ఒక్క గీతలూ నువ్వే చెరుపు. అదే నీ శిక్ష."

గోటితో గీసినవి చెరపడం గీయడం కన్నా కష్టం. డిప్పతో రుద్ది రుద్ది చెరిపింది. పొద్దువాలింది. ఆ చోట తొమ్మిది గీతలు గీసింది. పొట్టి వరస. అయినా కాలితో తడిమితే పద్నాలుగు పక్కన సరిగ్గా కుదురుకుంది. ఇదీ దీని నడక అనుకుంది. దిగులుగానే ఉంది గానీ, ఈ లెక్క నమ్మొచ్చు.

బుల్లెమ్మ పిల్లల్ని తీసుకుని ఏడాదికి దిగువ రేవుకి వెళ్తానంది, అక్కడ చేపలున్నాయట. వెంకాయమ్మ పొలాల్లో నత్తలు చూసుకుంటానంది. గవర్రాజు వియ్యంకులు విందుకి పచ్చి రేగుకాయలు తిని ఆవలి ఒడ్డుకి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ వియ్యపురాలు, "పీతలకి మళ్ళీ పిలుస్తారు కదూ" అని అడిగిందని లంకంతా చెప్పుకున్నారు.

డిప్పమ్మ ఆ సాయంత్రం బండ మూలకి వెళ్ళి, ఏటవాలు గీత పక్కన ఇంకో ఏటవాలు గీత గీసింది.

గవర్రాజుకి అప్పన్న వేసిన శిక్ష చిన్నదే. ఏటా లెక్క రోజున వడ్లగింజ, కందిగింజ అతనే తేవాలి, అందరి ముందూ అతనే గూట్లో వెయ్యాలి. మరుసటేడు కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు అలాగే తెచ్చాడు. ఒడ్డంతా జనం. బుల్లెమ్మ దిగువ నుంచి తిరిగి వచ్చింది. గవర్రాజు వడ్లగింజ వేశాడు.

"జారింది అత్తయ్యా."

"నేను సరిగ్గా చూడలేదు" అంది డిప్పమ్మ. "మళ్ళీ వెయ్యి."

వేశాడు. జారింది.

"ఇంకోసారి."

అయిదుసార్లు వేయించింది. ఆ తర్వాతే పెంకు అందుకుని నీళ్ళలోకి దిగింది. ఏడు పెంకుల బురద, పదకొండు గీతలు. మడుగు తెరిచారు. బుల్లెమ్మ పెద్ద ఆల్చిప్ప ఒకటి తెచ్చి డిప్పమ్మ ముందు పెట్టింది. నమలడానికి ఓపిక లేదంటూనే మొత్తం తినేసింది ఆవిడ.

నీతి: లెక్క పెరిగిందని పొంగిపోయే ముందు, జల్లెడ మారలేదు కదా అని చూసుకోవాలి.